హెడ్‌లైట్ వాషర్: మన ఘాట్ రోడ్ల మీద సరిగ్గా పనిచేయించుకోవడం ఎలా

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కోరాపుట్ వెళ్లేవాళ్లూ, రాయగడ, గుణుపూర్ వైపు తిరిగేవాళ్లూ వానాకాలం మొదలయ్యాక అడిగేది ఒకటే. "అన్నా, హెడ్‌లైట్ వాషర్ ఉంది గానీ నీళ్లు కొట్టినా మట్టి పోవట్లేదు, ఏటి చెయ్యాలి?" అని కొందరు, "మా బండికి కంపెనీ ఇవ్వలేదు, బయట కిట్ పెట్టించుకోవచ్చా?" అని ఇంకొందరు. రెండింటికీ కలిపి ఇక్కడ వరసగా రాస్తున్నా.

ముందే ఒక మాట. హెడ్‌లైట్ వాషర్ అంటే లైటు మీద ప్రెషర్‌తో నీళ్లు కొట్టి కడిగే సిస్టం. దీని పని మట్టిని గీకడం కాదు, నానబెట్టి తోసేయడం. అందుకే మంచి నీళ్లు, సరిపడా ప్రెషర్, రెండు ధారల మధ్య కాస్త గ్యాప్, ఈ మూడూ కుదరాలి. ఏ ఒక్కటి తప్పినా ఎంత ఖరీదైన బండైనా డూమ్ (లైటు మీది ప్లాస్టిక్ కవరు) మీద ఎర్రటి చారలే మిగుల్తాయి.

## 1. ముందు మీ బండిలో ఏముందో చూసుకోండి

బంపర్ మీద హెడ్‌లైట్‌కి సరిగ్గా కింద చిన్న చదరపు మూత ఉందేమో చూడండి. గోరుతో తడిమితే అంచు తెలుస్తుంది. ఉంటే అది లోపలినుంచి బయటికొచ్చే నాజిల్. నీళ్ల ప్రెషర్‌కి పిస్టన్ ముందుకొస్తుంది, ధార కొడుతుంది, ప్రెషర్ తగ్గగానే లోపలి స్ప్రింగ్ వెనక్కి లాగేస్తుంది. కొన్ని బళ్లలో మూతేమీ ఉండదు, బంపర్ మీద చిన్న బొడిపెలా నాజిల్ ఎప్పుడూ బయటే ఉంటుంది. ఇది చూడ్డానికి అంత బాగోదు గానీ మన మట్టి రోడ్లకి నా ఓటు దీనికే, ఎందుకంటే ఇరుక్కుపోవడానికి కదిలే పార్టు లేదు.

జెనాన్ లైట్లతో వచ్చిన పాత ఆడి, బీఎండబ్ల్యూ, స్కోడా లాంటి బళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. కారణం ఉంది. యూరప్ పాటించే ఐక్యరాజ్య సమితి నిబంధన 48 ప్రకారం డిప్ లైటు (దగ్గరి రోడ్డు చూపే, కిందకి వంగిన వెలుగు) లోని బల్బు వెలుగు 2000 ల్యూమెన్లు (వెలుగు కొలత) దాటితే దాన్ని కడిగే ఏర్పాటు ఉండి తీరాలి. జెనాన్ బల్బు దాదాపు 3200 ల్యూమెన్లు ఇస్తుంది. అంత వెలుగు మురికి డూమ్ లోంచి వస్తే చెదిరిపోయి ఎదురొచ్చేవాడి కళ్లలో కొడుతుంది. ఘాట్ మలుపులో అది ఎంత ప్రమాదమో లారీ డ్రైవర్లని అడగండి, చెప్తారు.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోండి. హాలోజన్ లైటు డూమ్ బాగా వేడెక్కుతుంది కాబట్టి దానిమీద పడ్డ బురద అక్కడే కాలి పెచ్చు కడుతుంది. ఎల్‌ఈడీ డూమ్ ముందువైపు అంత వేడెక్కదు, బురద కాలదు గానీ మంచు తడి ఆరకుండా అలాగే ఉండి దాని మీద దుమ్ము అతుక్కుంటుంది. నానబెట్టే టైం హాలోజన్‌కి ఎక్కువ కావాలి.

మొదటి చెక్‌లిస్టు:
- డూమ్ పసుపెక్కిందా? ఎక్కితే అది ఎండకి ప్లాస్టిక్ పైపొర పాడవడం వల్ల, వాషర్‌తో పోదు. ముందు పాలిష్ చేయించి యూవీ కోటింగ్ వేయించండి.
- డూమ్ లోపల చెమ్మ కనిపిస్తోందా? సీల్ పోయిందన్నమాట. ఆ స్థితిలో ప్రెషర్ నీళ్లు కొడితే ఇంకా లోపలికెళ్తాయి. సీల్ బాగుచేశాకే వాషర్ సంగతి.
- డూమ్‌కి సన్న బీట ఉందా? ఉంటే అదే మాట.
- వాషర్ ట్యాంకు ఎన్ని లీటర్లు? మాన్యువల్‌లో ఉంటుంది.

## 2. నీళ్లు: సగం సమస్య ఇక్కడే

బోరు నీళ్లు పోయకండి. ఆరాక తెల్లటి ఉప్పు మరకలు కడతాయి, నాజిల్ సన్న రంధ్రంలో అదే ఉప్పు పేరుకుని ధార పక్కకి తిరుగుతుంది. వాగు నీళ్లు, చెరువు నీళ్లు అసలే వద్దు, ఎంత తేటగా కనపడ్డా సన్న ఇసుక ఉంటుంది, అది మోటార్ దగ్గరి జల్లెడలో చేరుతుంది. ఆర్‌ఓ మెషీన్ పక్క పైపులోంచి వదిలేసే నీళ్లు వాడొచ్చా అని చాలామంది అడిగారు, వద్దు, అందులో ఉప్పు మామూలు నీళ్లకన్నా ఎక్కువ.

మరేం పోయాలి? ఆర్‌ఓ మంచినీళ్లు మంచివే. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఇంకా మంచిది. ఇంట్లో ఏసీ ఉంటే దాని పైపు నుంచి పడే నీళ్లు పట్టి పలచటి నూలుగుడ్డలో వడకట్టి పోసుకోవచ్చు, అందులో ఉప్పుండదు, పైసా ఖర్చు లేదు. కాకపోతే రోజుల తరబడి బకెట్లో నిలవ ఉంచినవి కాకుండా తాజాగా పట్టినవే పోయండి, లేకపోతే పాచి పడుతుంది.

ఆ నీళ్లలో కార్ల షాపులో దొరికే వాషర్ లిక్విడ్ సీసా మీద రాసిన కొలత ప్రకారం కలపండి. ఎక్కువ కలిపితే ఎక్కువ శుభ్రం అవుతుందనుకోవద్దు, జిడ్డు పొర మిగుల్తుంది. మన దగ్గర ఈ లిక్విడ్ ఎందుకు తప్పనిసరి అంటున్నానంటే, దమన్‌జోడి వైపు బాక్సైట్ మట్టి గానీ మామూలు ఎర్రమట్టి గానీ ఒట్టిదైతే నీళ్లతోనే పోతుంది, కానీ ముందు వెళ్లే టిప్పర్ పొగలోని డీజిల్ మసి, రోడ్డు మీద ఆయిల్ కలిసి దాన్ని జిడ్డు చేసేస్తాయి, ఆ జిడ్డుని ఒట్టి నీళ్లు వదిలించలేవు.

ట్యాంకులో ఎప్పుడూ పోయకూడనివి:
- బట్టల సర్ఫు, గిన్నెల లిక్విడ్, తలకి పెట్టే షాంపూ. నురగ వచ్చి మోటార్ ప్రెషర్ పడిపోతుంది.
- కిరోసిన్, పెట్రోల్, థిన్నర్. డూమ్ పాలికార్బొనేట్ ప్లాస్టిక్, వీటికి సన్న పగుళ్లు ఇస్తుంది.
- రేడియేటర్ కూలెంట్. చలికాలం సెమిలిగుడ వైపు గడ్డకట్టకుండా అని కొందరు పోస్తున్నారు, అది జిడ్డు మరకలు చేస్తుంది, పైగా విషం. మన చలికి మామూలు వాషర్ లిక్విడ్ చాలు.

ట్యాంకు చాన్నాళ్లుగా కడగకపోతే ముందు అది చూడండి. మూత తీసి టార్చ్ వేస్తే అడుగున ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో జారుడు పొర కనిపిస్తుంది. అదే ఊడొచ్చి జల్లెడని మూసేస్తుంది. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, గోరువెచ్చని నీళ్లు పోసి ఊపి పారబోయండి, నీళ్లు తేటగా వచ్చేదాకా. మోటార్ ట్యాంకు అడుగున రబ్బరు రింగులో గుచ్చి ఉంటుంది, మెల్లగా తిప్పుతూ లాగితే వస్తుంది, దాని మూతి దగ్గర చిన్న ప్లాస్టిక్ జల్లెడ ఉంటుంది, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. రబ్బరు రింగు గట్టిపడి ఉంటే కొత్తది వేయండి, లేకపోతే అక్కణ్నుంచే కారుతుంది.

## 3. కంపెనీ సిస్టం ఉంటే: వాడే పద్ధతి

చాలామంది "పనిచేయట్లేదు" అనేది నిజానికి పనిచేస్తూనే ఉంటుంది, దాని లెక్క తెలియదు అంతే.

మొదటిది, హెడ్‌లైట్ వేసి ఉంటేనే ఇది కొడుతుంది. పార్కింగ్ లైట్ చాలదు.

రెండోది, ముందు అద్దం కడిగే వాషర్ లివర్ లాగిన ప్రతిసారీ కొట్టదు. చాలా బళ్లలో లైటు వేశాక మొదటిసారి లాగినప్పుడు కొడుతుంది, ఆ తర్వాత కొన్నిసార్లకి ఒకసారి. ఇంకొన్నిట్లో లివర్ ఒకటి రెండు సెకన్లు పట్టుకునే ఉండాలి. కొన్నిట్లో విడిగా బటన్ ఉంటుంది. మీ మాన్యువల్‌లో ఏముందో అదే ఫైనల్.

మూడోది, ట్యాంకులో నీళ్లు తగ్గితే అద్దానికి మిగల్చడం కోసం హెడ్‌లైట్ వాషర్‌ని చాలా బళ్లు ఆపేస్తాయి. డాష్‌బోర్డు మీద నీళ్ల గుర్తు వెలిగితే వేరే రిపేరు వెతక్కండి, ముందు నీళ్లు పోయండి.

ఇప్పుడు రోడ్డు మీద చేయాల్సిన వరస:

1. బురద చిమ్ముతున్న టిప్పర్ వెనకే ఉన్నప్పుడు కడక్కండి. దాన్ని ముందుకి పోనివ్వండి లేదా సరైన చోట దాటండి, ఆ తర్వాతే. లేకపోతే నీళ్లు ఖర్చు, నిమిషంలో మళ్లీ అదే బురద.
2. అద్దంలో వెనక చూడండి. దగ్గరగా బైకు ఉంటే ఆగండి, ఆ తుంపర నేరుగా వాళ్ల మొహాన పడుతుంది.
3. ఒక ధార కొట్టండి. ఇది నానబెట్టడానికి.
4. అర నిమిషం ఆగండి. హాలోజన్ అయితే ఒక నిమిషం.
5. రెండో ధార కొట్టండి. మట్టి పోయేది ఈ ధారకి.
6. ఇంకా మిగిలితే మూడోది కొట్టండి, అప్పటికీ పోకపోతే అది ఎండిపోయిన బురద, ఊరికే లాగుతూ ఉండకండి, నీళ్లన్నీ అయిపోతాయి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొట్టంగి వైపు తెల్లారుజామున మంచు పట్టే రోజుల్లో, మంచులోకి వెళ్లకముందే ఈ పని కానివ్వండి. మంచు మధ్యలో అద్దం మీద తుంపర పడి ఒకటి రెండు సెకన్లు ఏమీ కనపడదు, ఆ మలుపుల్లో ఆ రెండు సెకన్లు చాలా ఎక్కువ.

బురద ఎండిపోతే వెడల్పైన చోట, మలుపు కాని చోట బండి పక్కకి ఆపి నాలుగు ఇండికేటర్లూ వేయండి. సీసాతో డూమ్ పైఅంచు నుంచి మెల్లగా నీళ్లు పోయండి, రెండు మూడు నిమిషాలు నాననివ్వండి, తర్వాత వాషర్ కొట్టండి. అద్దపు హెడ్‌లైట్లున్న పాత జీపులు, లారీలైతే ముందు చల్లారనివ్వాలి, వేడి గాజు మీద చన్నీళ్లు పడితే చిట్లుతుంది. పొడి గుడ్డతో మాత్రం ఎప్పుడూ తుడవకండి. ఎర్రమట్టిలో ఇసుక రేణువులుంటాయి, గుడ్డ కింద అవి ఉప్పుకాగితంలా పనిచేసి డూమ్ పైపొర మీద గుండ్రటి గీతలు పెడతాయి, రాత్రి లైటు వేస్తే ఆ గీతలన్నీ మెరుస్తూ కనిపిస్తాయి.

## 4. బయట కిట్ పెట్టించుకునేవాళ్లకి: కొనే ముందు

కోరాపుట్ జిల్లా జైపూర్‌లోనో విశాఖలోనో యాక్సెసరీ షాపుల్లో వెతకొచ్చు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. కిట్‌లో సాధారణంగా 12 వోల్టుల మోటార్, రెండు నాజిళ్లు, పైపు, టీ జాయింట్ (ఒక పైపుని రెండుగా చీల్చే T ఆకారం ముక్క), రిలే (చిన్న స్విచ్ కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే పార్టు) ఉంటాయి. కొనేటప్పుడు అద్దానికి వాడే చిన్న మోటార్‌ని పెట్టి అమ్ముతున్నారేమో చూసుకోండి. అద్దానికి ధార చాలు, వైపరు తుడిచేస్తుంది. హెడ్‌లైట్‌కి వైపరు లేదు, నీళ్ల తాకిడే తుడవాలి, కాబట్టి మోటార్ హై ప్రెషర్‌ది అయి తీరాలి. అద్దం మోటార్‌కే టీ పెట్టి పైపు ముందుకి లాగేస్తానని ఎవరైనా మెకానిక్ అంటే వద్దనండి, అద్దానికీ రాదు, లైటుకీ రాదు.

ఇంకో విషయం, ముందు బంపర్‌లో రాడార్ ఉన్న బండి, లేదా వారంటీలో ఉన్న కొత్త బండి అయితే షోరూంలో అడక్కుండా డ్రిల్ పెట్టకండి. బంపర్ వెనక ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లూ వాటి వైర్లూ ఉంటాయి. ఇందులో తొందర పడొద్దని గట్టిగా చెప్తున్నా.

సామాన్ల చెక్‌లిస్టు:
- హై ప్రెషర్ మోటార్, విడి ట్యాంకు (చిన్న కార్ల ట్యాంకు అద్దానికే సరిపోతుంది)
- బయటే ఉండే ఫిక్స్‌డ్ నాజిళ్లు రెండు
- మందపాటి గోడ ఉన్న రబ్బరు పైపు, ప్రతి జాయింటుకీ క్లిప్పు
- నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లు వెనక్కి పోకుండా ఆపేది) ఒకటి, టీ జాయింట్ ఒకటి
- నాలుగు కాళ్ల 12 వోల్టుల రిలే, 30 ఆంపియర్లది
- ఫ్యూజు హోల్డరు, ఫ్యూజు ట్యాప్ (వైరు కోయకుండా ఫ్యూజు దగ్గర్నుంచి కరెంటు తీసుకునే ముక్క), 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు
- నొక్కి వదిలే స్విచ్
- హీట్ ష్రింక్ ట్యూబు, జిప్ టైలు

## 5. బిగించే వరస

5.1 బ్యాటరీ మైనస్ తీయండి. అన్నిటికన్నా ముందు ఇదే.

5.2 ట్యాంకు చోటు. ఫెండర్ లైనింగ్ లోపల గానీ బోనెట్ కింద ఓ మూల గానీ. సైలెన్సర్ మానిఫోల్డ్‌కి, రేడియేటర్ ఫ్యానుకి దూరంగా. ట్యాంకు ఊగితే ఘాట్‌లో జాయింట్లు ఊడిపోతాయి, కాబట్టి బోల్టుతో బిగించండి, జిప్ టైలతో కట్టి వదిలేయకండి.

5.3 నాజిల్ చోటు గుర్తు పెట్టడం. డ్రిల్ పెట్టే ముందు బంపర్ మీద మాస్కింగ్ టేప్ అంటించి దాని మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. బంపర్ వెనక చెయ్యి పెట్టి చూడండి, ఇనప బీమ్ గానీ వైర్లు గానీ అడ్డం ఉన్నాయేమో. గుర్తు డూమ్ మొత్తానికి మధ్యన కాదు, లోపల డిప్ లైటు ఎక్కడుందో దానికి ఎదురుగా పెట్టాలి. డూమ్ పెద్దగా ఉంటుంది, అందులో వెలుగు వచ్చేది చిన్న చోటు, ధార అక్కడ తగలాలి. లైటు వేసి డూమ్ మీద ఎక్కడ మెరుస్తోందో చూస్తే తెలిసిపోతుంది.

5.4 రంధ్రం. ముందు సన్న బిట్‌తో, తర్వాత కిట్‌లో చెప్పిన సైజుకి. ఒకేసారి పెద్ద బిట్ పెడితే ప్లాస్టిక్ చీలుతుంది. అంచులు నున్నగా చేసి నాజిల్ రబ్బరుతో సహా బిగించండి.

5.5 పైపు. మోటార్ నుంచి నాన్ రిటర్న్ వాల్వు, దాని తర్వాత టీ, టీ నుంచి రెండు వైపులకీ పైపు ఒకే పొడవు ఉండేలా చూడండి. ఒకటి పొట్టి ఒకటి పొడుగు అయితే పొట్టి వైపు ముందు కొట్టేసి రెండో వైపు నీరసంగా వస్తుంది. ట్యాంకు ఒక పక్కన ఉంది కాబట్టి టీని కూడా అక్కడే పెట్టేయడం మామూలుగా జరిగే పొరపాటు, టీని బండి మధ్యకి తీసుకురండి. పైపు ఎక్కడా మడత పడకూడదు, వాల్వు మీద బాణం గుర్తు నాజిల్ వైపు ఉండాలి.

5.6 కరెంటు. రిలే మీద నంబర్లుంటాయి, అవి చూసి కలపండి.
- 30: బ్యాటరీ ప్లస్ నుంచి, ఫ్యూజు మీదుగా. ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లో ఉండాలి, రిలే పక్కన కాదు.
- 87: మోటార్ ప్లస్‌కి.
- 86: హెడ్‌లైట్ ఫ్యూజు దగ్గర ఫ్యూజు ట్యాప్ పెట్టి అక్కణ్నుంచి. హాలోజన్ బళ్లకే ఇది.
- 85: స్విచ్‌కి, స్విచ్ రెండో కాలు బాడీ ఎర్త్‌కి.
- మోటార్ మైనస్ నేరుగా బాడీ ఎర్త్‌కి, పెయింటు గీకిన చోట.

ఇలా కలిపితే లైటు వేసి ఉంటేనే స్విచ్ పనిచేస్తుంది, పగలు పిల్లలు నొక్కినా నీళ్లు పోవు. ఎల్‌ఈడీ హెడ్‌లైట్ల బళ్లలో మాత్రం లైటు వైరు ముట్టుకోవద్దు, అక్కడ కంప్యూటర్ కంట్రోల్ ఉంటుంది, ఎర్రర్ వస్తుంది. వాటికి 86 ని తాళం వేస్తేనే కరెంటొచ్చే ఏదైనా ఫ్యూజు నుంచి తీసుకోండి. ఫ్యూజు ఎన్ని ఆంపియర్లది అనేది మోటార్ మీద రాసినదాన్ని బట్టి. 15 వేయమంటే 15, పోతోందని 30 వేస్తే వైరు కాలుతుంది. హెడ్‌లైట్ వైరు కోసి టేప్ చుట్టే పని ఎవరినీ చేయనివ్వకండి.

5.7 ఆటోమేటిక్ కావాలంటే. స్విచ్‌కీ రిలేకీ మధ్య 12 వోల్టుల టైమర్ మాడ్యూల్ ఒకటి పెట్టించండి. ఒకసారి నొక్కితే ఒక సెకను కొట్టి, అర నిమిషం ఆగి, మళ్లీ ఒక సెకను కొట్టేలా సెట్ చేయాలి. మూడో సెక్షన్‌లో చెప్పిన నానబెట్టే పని ఇక అదే చూసుకుంటుంది, మీ చెయ్యి స్టీరింగ్ మీదే ఉంటుంది. ఇన్ని నిమిషాలకొకసారి దానంతటదే కొట్టే సెట్టింగ్ కూడా కొందరు పెడతారు, నేను వద్దంటాను, శుభ్రమైన రోడ్డు మీద కూడా కొట్టి సరిగ్గా బురదొచ్చే టైంకి ట్యాంకు ఖాళీ చేస్తుంది. వీలైతే ట్యాంకులో చిన్న ఫ్లోట్ స్విచ్ (నీళ్లు తగ్గితే మోటార్ ఆపేది) పెట్టించండి, నీళ్లు లేకుండా తిరిగితే మోటార్ సీల్ పోతుంది.

## 6. గురి కుదర్చడం, పరీక్ష

బండి నిలబడి ఉండగా ధార డిప్ లైటు మధ్యకి తగలాలి. వేగంలో గాలి దాన్ని కాస్త పక్కకి తోస్తుంది. అయితే ఘాట్‌లో మన వేగం ముప్పై నలభై మించదు కాబట్టి దానికోసం గురి మార్చక్కర్లేదు. కొన్ని నాజిళ్లు గుండుసూదితో తిరుగుతాయి, కొన్ని తిరగవు, బలవంతం చేస్తే విరుగుతాయి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఈ సిస్టంలకి ఐక్యరాజ్య సమితి నిబంధన 45 అని విడిగా ఉంది. అందులో లైటు వెలుగు 20 శాతానికి పడిపోయేలా డూమ్‌కి మురికి పట్టించి, కడిగాక అసలు వెలుగులో కనీసం 70 శాతం తిరిగొస్తేనే పాస్. అంత ల్యాబ్ మనకి లేకపోయినా ఇంటి గోడ దగ్గర దాదాపుగా చూసుకోవచ్చు:

1. చీకటి పడ్డాక గోడకి ఐదు మీటర్ల దూరంలో బండి పెట్టి డిప్ లైటు వేయండి. ఇంజన్ నడుస్తూ ఉండాలి, లేకపోతే బ్యాటరీ తగ్గి లెక్క మారుతుంది.
2. గోడ మీద వెలుగు ఎక్కువున్న చోట చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ (వెలుగు కొలిచేది) వేసి, ఆ గుర్తు దగ్గర ఫోన్ ముందు భాగం లైటు వైపు పెట్టి అంకె రాసుకోండి.
3. మెత్తగా జల్లించిన ఎర్రమట్టిని నీళ్లలో పలచగా కలిపి, డూమ్ మీద మగ్గుతో చిలకరించండి. చేత్తో గానీ బ్రష్‌తో గానీ పూయకండి, గీతలు పడతాయి.
4. పది నిమిషాలు లైటు వేసే ఉంచండి, తర్వాత మళ్లీ అంకె చూడండి.
5. రెండు ధారలు, మధ్యలో అర నిమిషం గ్యాప్. మళ్లీ అంకె చూడండి.

మొదటి అంకెలో పదింట ఏడు వంతులు వచ్చిందంటే మీ సిస్టం బాగుంది. సగమే వస్తే గురి గానీ ప్రెషర్ గానీ తప్పు. రెండు లైట్లకీ విడివిడిగా చూడండి, ఒకటి చూసేటప్పుడు రెండోదానికి అట్టముక్క అడ్డం పెట్టండి.

ఇదే టైంలో నీళ్ల లెక్క కూడా తేల్చుకోండి. ట్యాంకు నిండా పోసి, ఐదుసార్లు కొట్టి, లీటరు సీసాతో మళ్లీ నిండేదాకా పోయండి. ఎన్ని సీసాలు పట్టిందో చూస్తే ఒక ట్యాంకుతో ఎన్నిసార్లు కడగొచ్చో తెలుస్తుంది. సాలూరు నుంచి కోరాపుట్ దాకా వానలో వెళ్లేటప్పుడు ఈ లెక్క చాలా పనికొస్తుంది.

## 7. పాడైతే ఎక్కడ చూడాలి

మోటార్ చప్పుడు లేదు, నీళ్లు లేవు. నీళ్లున్నాయా, లైటు వేసి ఉందా, ఫ్యూజు బాగుందా, ఈ వరసలో చూడండి. తర్వాత మోటార్ కప్లర్ (వైర్ల ప్లగ్గు) తీసి, ఒకరు స్విచ్ నొక్కుతుండగా మల్టీమీటర్ పెట్టండి. 12 వోల్టులు వస్తుంటే మోటార్ పోయింది. రాకపోతే రిలే, ఎర్త్, వైరు చూడాలి. కప్లర్‌లో పచ్చటి చిలుము కనిపిస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

చప్పుడుంది, నీళ్లు లేవు. పైపు ఎక్కడో ఊడింది లేదా జల్లెడ మూసుకుంది. బండి కింద అట్టముక్క పరిచి ఒకసారి కొట్టండి, ఎక్కడ తడిసిందో అక్కడ చూడండి.

ఒక వైపే వస్తోంది. టీ జాయింట్ తర్వాత ఆ పైపు మడత పడి ఉంటుంది లేదా నాజిల్ మూసుకుని ఉంటుంది. నాజిల్‌ని గుండుసూదితో పొడవకండి, రంధ్రం పెద్దదై ధార చెదురుతుంది. పైపు ఊడదీసి వెనకనుంచి గాలి కొట్టండి.

నొక్కిన కాసేపటికి వస్తోంది. పైపులో నీళ్లు ట్యాంకులోకి వెనక్కి వెళ్లిపోతున్నాయి. నాన్ రిటర్న్ వాల్వు మార్చండి, ఖరీదు తక్కువే.

నాజిల్ బయటికొచ్చి లోపలికి వెళ్లట్లేదు. మన దగ్గర ఎక్కువగా వచ్చే కంప్లైంట్ ఇదే. పిస్టన్ చుట్టూ సన్న ఎర్రమట్టి పేరుకుని పట్టేస్తుంది. తొయ్యకండి, తోస్తే మూత క్లిప్పు విరుగుతుంది. మగ్గుతో నీళ్లు పోస్తూ మట్టి కడగండి, వేళ్లతో మెల్లగా ముందుకీ వెనక్కీ కదపండి, ఆరాక సిలికాన్ స్ప్రే కొద్దిగా కొట్టి నాలుగైదుసార్లు ఆడించండి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ పెట్టకండి, మట్టి ఇంకా అంటుకుంటుంది. అప్పటికీ వెళ్లకపోతే స్ప్రింగ్ నీరసించింది, నాజిల్ సెట్టు మార్చాలి.

మూత పడిపోయింది. సర్వీసింగ్ సెంటర్లో ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టినప్పుడు ఎక్కువగా ఊడుతుంది. బండి ఇచ్చేటప్పుడే "బాబూ, ఇక్కడ గన్ దూరం నుంచే కొట్టు" అని మూత చూపించి చెప్పండి. పోయిన మూత లేకుండా తిప్పితే రంధ్రంలోకి మట్టి పోయి పిస్టన్ పట్టేస్తుంది, కొత్తది వచ్చేదాకా టేప్ అంటించి, ఆ సిస్టం ఫ్యూజు తీసి ఉంచండి.

## 8. ఏ టైంలో ఏం చేయాలి

వానలు మొదలవకముందు, అంటే మే నెలాఖరు లోపు:
- ట్యాంకు, జల్లెడ శుభ్రం
- పైపు జాయింట్లు, క్లిప్పులు
- గోడ పరీక్ష ఒకసారి

వానాకాలంలో వారానికోసారి:
- నీళ్లు నింపడం, లిక్విడ్ కొలత ప్రకారం
- రెండు నాజిళ్లూ సమానంగా కొడుతున్నాయా
- డూమ్‌ని చేత్తో కడగడం: ముందు మగ్గుతో నీళ్లు, తర్వాత కార్ షాంపూ, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, గుడ్డని ప్రతిసారీ జాడిస్తూ

చలికాలం మొదట్లో ఒకసారి డూమ్ మీద పాలికార్బొనేట్‌కి పనికొచ్చే వ్యాక్స్ గానీ నీళ్లు నిలవని కోటింగ్ గానీ రాయించండి, మట్టి అంత గట్టిగా పట్టదు, తక్కువ నీళ్లకే జారిపోతుంది.

ఎండాకాలం ఎవరూ ఈ సిస్టం జోలికి పోరు, దాంతో నాజిళ్లు పట్టేస్తాయి. వాడినా వాడకపోయినా పదిహేను రోజులకోసారి లైటు వేసి రెండు ధారలు కొట్టండి. ఫాగ్ ల్యాంపులు, వెనక లైట్లు, వెనక కెమెరా, నంబర్ ప్లేటు, వీటిని ఏ వాషరూ కడగదు. టీ తాగడానికి ఆగినప్పుడు సీసాతో వాటి మీద కూడా కాసిని నీళ్లు పోయండి.